గ్వాంగ్‌జౌ నుంచి చోంగ్‌చింగ్‌కు: ముందస్తు ఏర్పాట్లు లేకుండా ఒంటరి ప్రయాణం

కృష్ణలంక (చర్చ ప్రారంభం)

గ్వాంగ్‌జౌలో జరిగే వాణిజ్య ప్రదర్శన కాంటన్ ఫెయిర్‌కు వెళ్లివచ్చే వ్యాపారులు మన వేదికలో చాలామందే ఉన్నారు కాబట్టి గ్వాంగ్‌జౌ గురించి నేను కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. హాళ్లన్నీ తిరిగి, విజిటింగ్ కార్డులు ఇచ్చిపుచ్చుకుని, ఒకటి రెండు ఫ్యాక్టరీలు చూసి నేరుగా విమానాశ్రయానికి వెళ్లిపోవడం మనలో ఎక్కువమందికి అలవాటు. ఈసారి ఏప్రిల్ ఫెయిర్ తరువాత ఝోంగ్‌షాన్‌లోని లైట్ల ఫ్యాక్టరీల పని అనుకున్నదానికంటే ముందుగానే ముగిసింది. వీసాలో బస చేయదగిన రోజులు ఇంకా మిగిలి ఉన్నందువల్ల, రుసుము కట్టి తిరుగు విమానం తేదీ మార్చుకుని, నైరుతి చైనాలోని కొండల నగరం చోంగ్‌చింగ్ చూసిరావాలని అప్పటికప్పుడు నిర్ణయించుకున్నాను. చైనా భాష నాకు అంకెల వరకే వచ్చు. అది కూడా బేరాలాడడం వల్ల వచ్చినదే.

బయలుదేరిన సమయం మాత్రం రద్దీగా ఉంది. మే 1 సెలవుల ముందు చైనాలో దేశమంతా రైలెక్కుతుంది. టికెట్లు 15 రోజుల ముందే అమ్మకానికి పెడతారు కనుక, గ్వాంగ్‌జౌ సౌత్ స్టేషనులో నేను కౌంటరు దగ్గరికి చేరేసరికి చోంగ్‌చింగ్ వరకు సీట్లు ఒక్కటీ మిగలలేదు. కౌంటరులోని అమ్మాయి తన తెరను నా వైపు తిప్పి, దారిలో ఉన్న గుయ్‌యాంగ్ వరకు సీటు లేని టికెట్ ఉందని చూపించింది. సీటు లేకపోయినా ధర సెకండ్ క్లాసు ధరే. వెంటనే తీసుకున్నాను. పెట్టె చివర తలుపుల దగ్గర, వేడినీళ్ల కొళాయి పక్కన నిలబడి ప్రయాణం చేశాను. నా చుట్టూ ఉన్నవారు మడత స్టూళ్లు వెంట తెచ్చుకున్నారు; చూడగానే వారికి ఇది అలవాటైన పనేనని అర్థమైంది. గుయ్‌లిన్ దగ్గర కోడిగుడ్లను నిలువుగా పెట్టినట్లు కనిపించే సున్నపురాతి కొండలు కిటికీలో క్షణం కనిపించి, అంతలోనే సొరంగం వచ్చేది. 2014లో ప్రారంభమైన ఈ మార్గంలో సొరంగాలు ఎంత ఎక్కువంటే, గుయ్‌జౌ ప్రాంతంలో ఫోను సిగ్నలు వచ్చిందని సంతోషించేలోపే పోతుంది.

ఆ రాత్రి గుయ్‌యాంగ్‌లో ఆగాను. స్టేషను దగ్గర ఒక చిన్న లాడ్జిలో విదేశీయులకు గది ఇవ్వమన్నారు. ఆ పక్క వీధిలో పాస్‌పోర్టు స్కాన్ చేసుకుని ఇచ్చారు. రైల్వే యాప్‌లోని వెయిటింగ్ జాబితాలో పేరు పెట్టి పడుకుంటే, తెల్లవారేసరికి చోంగ్‌చింగ్ వెస్ట్ స్టేషనుకు సీటు ఖాయమైంది. ఆపైన రెండున్నర గంటల లోపే ప్రయాణం.

వెళ్లదలచుకున్నవారు అడగండి, తెలిసినంత వరకు చెబుతాను.

వరంగల్‌యాత్రి

కృష్ణలంక గారూ, చదవడానికి చాలా బాగుంది. అయితే ఒక అభ్యంతరం ఉంది. మీ చేతిలో అప్పటికే వ్యాపార వీసా ఉంది, మీరు అప్పటికే ఆ దేశంలో ఉన్నారు. పర్యాటక వీసా కోరే సామాన్యుడు రానుపోను విమాన టికెట్లు, హోటల్ బుకింగులు, రోజువారీ కార్యక్రమం అన్నీ దరఖాస్తుకు జోడించాలి. హైదరాబాదులో చైనా కాన్సులేటు లేదు కనుక మనం ఏజెంటు ద్వారా పాస్‌పోర్టును వేరే నగరానికి పంపవలసి వస్తుంది. పలు దేశాల వారికి 240 గంటల పాటు వీసా లేకుండా తిరిగే సౌకర్యం ఉంది కానీ ఆ జాబితాలో భారతదేశం లేదు. ఇన్ని కాగితాలు ముందే సిద్ధం చేసుకున్న తరువాత దీనిని ముందస్తు ఏర్పాట్లు లేని ప్రయాణం అనడం ఎంతవరకు సబబు?

షెన్‌జెన్‌ప్రవాసి

వరంగల్ యాత్రి గారి ప్రశ్న సమంజసమైనదే. ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను, మన ఊళ్ల నుంచి వచ్చే బంధుమిత్రులను తిప్పి చూపించాను కాబట్టి నా అభిప్రాయం కొంత వివరంగా రాస్తాను.

చైనాలో మీరు ఎవరు అన్న సంగతి ప్రతిచోటా నమోదు కావాలి. మీరు ఎటు వెళ్తున్నారు అన్నది ఎవరికీ అక్కరలేదు. ఈ తేడా తెలిసిన వారికి ఇక్కడ అనుకోని ప్రయాణం యూరప్‌లో కంటే తేలిక. రైలు టికెట్ మీ పాస్‌పోర్టు నంబరు మీదే ఉంటుంది, స్టేషనులో కాగితం టికెట్ అంటూ ఏదీ ఇవ్వరు, సిబ్బంది ఉన్న గేటు దగ్గర పాస్‌పోర్టు చూపి లోపలికి వెళ్లాలి. హోటలు వారు మీ వివరాలను పోలీసు వ్యవస్థలో నమోదు చేస్తారు. ఎవరి ఇంట్లోనైనా దిగితే 24 గంటల లోపల మీరే వెళ్లి నమోదు చేయించుకోవాలి. ఈ షరతులు పాటించినంత కాలం, వీసా దరఖాస్తులో రాసిన ఊరికి కాకుండా మరొక ఊరికి వెళ్లినా మిమ్మల్ని ఆపేవారు లేరు. టిబెట్‌కు మాత్రం విడిగా అనుమతి పత్రం తప్పనిసరి. అక్కడికి ఒంటరిగా, అనుకున్నదే తడవుగా వెళ్లే వీలు లేదు.

వీసా కాగితం మీద రెండు వేర్వేరు సంగతులు ఉంటాయని కూడా గమనించాలి. ఎప్పటి లోపల దేశంలోకి ప్రవేశించాలన్నది ఒకటి, ప్రవేశించిన తరువాత ఎన్ని రోజులు ఉండవచ్చన్నది మరొకటి. ప్రవేశ గడువు చూసుకుని, బస గడువు చూసుకోనివారు చివరి రోజున ఇమిగ్రేషన్ దగ్గర ఇబ్బంది పడతారు. ప్రయాణ ప్రణాళిక మార్చుకునేవారు ముందుగా చూసుకోవలసింది ఈ రెండో అంకెనే.

ఇక డబ్బు. మన యూపీఐ అలవాటును మనసులోంచి తీసివేయండి. చైనా చెల్లింపు యాప్‌లైన అలీపే, వీచాట్ పే రెండింటిలోనూ వీసా, మాస్టర్‌కార్డులను జోడించుకునే వీలు 2023 నుంచి బాగా పెరిగింది. 200 యువాన్లు దాటిన చెల్లింపుపై 3 శాతం రుసుము పడుతుంది, అంతకు లోపు పడదు. అయితే మన బ్యాంకు కార్డులో అంతర్జాతీయ లావాదేవీల మీట ఆన్ చేసి ఉండాలి. కార్డు జోడించేటప్పుడు ఓటీపీ వస్తుంది కనుక పాస్‌పోర్టు ధ్రువీకరణతో సహా ఆ పనంతా ఇంట్లో ఉండగానే పూర్తిచేసుకోవాలి. చౌకగా వస్తుందని డేటా ఈసిమ్ మాత్రమే కొనుక్కుని, భారతీయ సిమ్‌ను రోమింగ్ లేకుండా వదిలేసినవారు చెల్లింపు ఆగిపోయినప్పుడు ఓటీపీ రాక నడివీధిలో నిలబడిపోవడం చూశాను. చైనాలో నిరోధించిన వాట్సాప్, గూగుల్ కూడా మన సిమ్ రోమింగ్ డేటా మీద పనిచేస్తాయి, హోటల్ వైఫై మీద పనిచేయవు.

తెనాలి_తాత

అబ్బాయిలూ, ఇందులో చోంగ్‌చింగ్ గురించి ఒక్క ముక్క కూడా రాలేదు. అంత ప్రయాసపడి వెళ్లిన ఊరు ఎలా ఉందో కృష్ణలంక చెప్పాలి కదా!

కృష్ణలంక

తాతగారూ, చెబుతున్నాను.

ఆ ఊరు చదునుగా ఉండదు. యాంగ్జీ, జ్యాలింగ్ నదులు రెండు వైపుల నుంచి వచ్చి కలిసే చోట, మధ్యలో మిగిలిన కొండ నాలుక మీద పాత నగరం ఉంది. ఫోనులోని మ్యాపు నేను దిగవలసిన గెస్ట్‌హౌస్ 80 మీటర్ల దూరంలో ఉందని చూపించింది. అక్కడికి వెళ్లి చూస్తే ఎదురుగా పిట్టగోడ, దాని కింద ఎక్కడో లోతున మరో వీధి, ఆ వీధిలో పసుపు టాక్సీలు. మెట్లు ఎక్కడ మొదలవుతాయో తెలియక పెట్టె పక్కన పెట్టుకుని నిలబడ్డాను. భుజాన వెదురు బద్ద, దానికి చుట్టిన నైలాను తాళ్లు ఉన్న ఒక ముసలాయన వచ్చి నా ఫోను చూసి, పక్కనే ఉన్న పాత అపార్టుమెంటు తలుపులోకి దారితీశాడు. కూరగాయల సంచులతో ఆడవాళ్లు నిలబడి ఉన్న లిఫ్టులోకి మేమూ ఎక్కాము. ఆయన కిందికి వెళ్లే మీట నొక్కాడు. తలుపు తెరుచుకునేసరికి ఆ లోతున కనిపించిన వీధిలో ఉన్నాము. గెస్ట్‌హౌస్ బోర్డు ఎదురుగానే ఉంది. పెట్టె మోసినందుకు 10 యువాన్లు ఇచ్చాను, నోటును రెండు వైపులా తిప్పి చూసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ తరువాత నాకు పద్ధతి బోధపడింది. ఇక్కడ చిరునామా అడిగితే ఏ వీధి అనే కాదు, ఏ అంతస్తు నుంచి అని కూడా అడగాలి. హోంగ్యాదోంగ్ అనే కట్టడంలో కింది ద్వారం నది ఒడ్డు రోడ్డు మీదికి, 11వ అంతస్తు ద్వారం ఎగువ రోడ్డు మీదికి తెరుచుకుంటాయి. లీజీబా దగ్గర మోనోరైలు 19 అంతస్తుల నివాస భవనంలోకి దూరి, లోపలున్న స్టేషనులో ఆగి, అవతలి వైపు బయటికి వస్తుంది. దాన్ని ఫోటో తీయడానికి కింద వీధిలో ప్రత్యేకంగా ఒక వేదిక కట్టారు. నాకు మాత్రం ఫోటో కంటే రైల్లో కూర్చుని ఆ భవనంలోకి వెళ్లడమే నచ్చింది. లోపల అది మామూలు స్టేషనే, పిల్లలు బడి సంచులతో దిగుతున్నారు.

పాతమెడికో

ఎంబీబీఎస్ చదివిన రోజుల్లో నేను చోంగ్‌చింగ్‌లో ఉన్నాను కనుక కొంచెం జోడిస్తాను. ఆ ముసలాయన లాంటి వారిని అక్కడ బాంగ్‌బాంగ్ అంటారు. మన కావడి మోసేవారే అనుకోండి. రేవు నుంచి మెట్ల మీదుగా సరుకు ఎక్కించడానికి పల్లెల నుంచి వచ్చిన ఈ కూలీలు ఒకప్పుడు లక్షల్లో ఉండేవారు. లిఫ్టులు, వంతెనలు, మెట్రో వచ్చాక కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు లేరు. మిగిలినవారంతా వయసు మళ్లినవారే. హోల్‌సేల్ బజారు ఉన్న చావోత్యన్మెన్ వైపు పొద్దున్నే వెళ్తే ఇంకా కనిపిస్తారు.

చోంగ్‌చింగ్‌ను పెద్ద నగరం అనడంలో కొంత తికమక కూడా ఉంది. 1997లో సిచువాన్ ప్రావిన్సు నుంచి వేరు చేసి కేంద్రం కిందికి తెచ్చిన ఈ మునిసిపాలిటీ విస్తీర్ణం సుమారు 82,400 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు సగం. 2020 జనాభా లెక్కల్లో 3.2 కోట్ల మంది ఉన్నారు. అందులో కొండలు, పల్లెలు, పొలాలు ఎన్నో. దాజు రాతి శిల్పాలు చోంగ్‌చింగ్‌లోనే ఉన్నాయని విని వీధి చివర ఉన్నాయనుకుంటే పొరపాటు. వాటికి విడిగా ఒక రోజు కేటాయించాలి. స్టేషన్లు కూడా వెస్ట్, నార్త్, 2025లో తెరిచిన ఈస్ట్ అని వేర్వేరుగా, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. టికెట్ మీద ఏ దిక్కు రాసి ఉందో చూడకుండా మెట్రో ఎక్కవద్దు.

ఎండలు మాత్రం మన రెంటచింతలకు తీసిపోవు. 2022 ఆగస్టులో బేయ్‌బేయ్ ప్రాంతంలో 45 డిగ్రీలు నమోదైంది. పైగా నదుల తేమ వల్ల ఉక్క. జులై, ఆగస్టు నెలల్లో ఆ మెట్లు ఎక్కడం ఆరోగ్యానికి మంచిది కాదని వైద్యుడిగా చెబుతున్నాను.

గోదారమ్మాయి

అందరికీ నమస్కారం. నేను అక్టోబరులో ఒంటరిగా వెళ్లాలనుకుంటున్నాను. రెండు సందేహాలు ఉన్నాయి. మొదటిది, ఒంటరి స్త్రీకి రాత్రి వేళ అక్కడ తిరగడం ఎంతవరకు క్షేమం? రెండోది, నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. మరిగే పులుసులో ముంచి ఉడికించుకుని తినే హాట్‌పాట్ అనేది ఆ ఊరి ప్రత్యేకత అంటున్నారు, అందులో నేను తినగలిగినది ఏమైనా ఉంటుందా?

షెన్‌జెన్‌ప్రవాసి

గోదారమ్మాయి గారూ, నేనూ స్త్రీనే. పని ముగించుకుని అర్ధరాత్రి మెట్రోలో, యాప్‌లో పిలిచే డీడీ టాక్సీలో తిరిగివచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. వీధిలో వేధింపులు మన నగరాలతో పోలిస్తే బాగా తక్కువ. ఇబ్బంది పెట్టేది జనం చూపులు, అనుమతి అడగకుండా తీసే ఫోటోలు. ఇంగ్లీషులో స్నేహంగా పలకరించి టీ దుకాణానికి రమ్మనేవారి వెంట వెళ్లవద్దు. పెద్ద నగరాల పర్యాటక ప్రాంతాల్లో బిల్లు వేలల్లో వేసే పాత మోసం అది. ఏదైనా లాడ్జివారు విదేశీయులను చేర్చుకోమంటే వాదించనక్కరలేదు. ఆ సమయంలో మరో చోటు దొరకకపోతే ఇమిగ్రేషన్ శాఖ వారి 12367 నంబరుకు ఇంగ్లీషులో మాట్లాడవచ్చు, రోజంతా పనిచేస్తుంది. పోలీసులకు 110.

అక్టోబరు అన్నారు కాబట్టి మరో మాట. 1వ తేదీ నుంచి దాదాపు వారం పాటు జాతీయ దినోత్సవ సెలవులు ఉంటాయి. ఆ వారం దాటిన తరువాతే వెళ్లండి.

పాతమెడికో

తిండి సంగతి నేను చెబుతాను. చోంగ్‌చింగ్ హాట్‌పాట్‌లో ఎర్రగా కాగేది నూనె కాదు, ఎక్కువ దుకాణాల్లో అది గొడ్డు కొవ్వు. శాకాహారులకే కాదు, గొడ్డు మాంసం తినని మాంసాహారులకు కూడా ఈ సంగతి తెలియాలి. మధ్యలో రేకు అడ్డు పెట్టి రెండు పులుసులు ఇచ్చే గిన్నె ఉంటుంది కానీ, తెల్లగా కనిపించే రెండో పులుసు కూడా తరచుగా ఎముకలు మరిగించినదే. పుట్టగొడుగుల పులుసో టమాటా పులుసో అడిగి, దాన్ని దేనితో చేశారో కూడా ఫోనులో అనువదించి అడగాలి. ఉదయం తినే శావోమ్యన్ నూడుల్స్‌లో మాంసం కనిపించకపోయినా పంది కొవ్వు ఒక చెంచా వేయడం మామూలే.

మీకు అక్కరకు వచ్చేది దౌహ్వా అన్నం. సోయాపాల నుంచి విరిచిన మెత్తని టోఫును గిన్నెలో దాని నీళ్లతోనే ఇస్తారు, పక్కన వేడి అన్నం, చిన్న గిన్నెలో మిరపకారం, నువ్వులు, సిచువాన్ మిరియాలు కలిపిన ముద్ద. టోఫు ముక్కను ఆ కారంలో అద్దుకుని అన్నంతో తినాలి. కూలీలు, టాక్సీ డ్రైవర్లు తినే భోజనం కనుక చౌక. ఆ కారంలో మాంసం కలపలేదు కదా అని ఒకసారి అడిగి చూడండి. గుంటూరు కారం తిన్నవారమని ధీమాగా వెళ్లినా, ఆ మిరియాలకు నాలుక మొద్దుబారడం అలవాటు లేక మొదటి రోజు మంచినీళ్లు కూడా వింత రుచిగా తగులుతాయి. నగరం నడిబొడ్డున ఉన్న జ్యేఫాంగ్‌బేయ్‌కు నడిచి వెళ్లేంత దూరంలో లువోహాన్ బౌద్ధాలయం ఉంది. బౌద్ధుల శాకాహార భోజనశాలలు అలాంటి ఆలయాల చుట్టుపక్కలే దొరుకుతాయి. వారు సాధారణంగా గుడ్డు, వెల్లుల్లి కూడా వేయరు.

తెనాలి_తాత

జ్యేఫాంగ్‌బేయ్ పేరు వచ్చింది కాబట్టి ఆ ఊరి యుద్ధకాలం సంగతి నేనూ కొంత చెప్పాలి. జపాను దురాక్రమణ కాలంలో చైనా జాతీయ ప్రభుత్వం రాజధానిని ఈ కొండల నడుమకు మార్చుకుంది. అప్పట్లో మన పత్రికలు చుంకింగ్ అని రాసేవి. 1938లో మన దేశం నుంచి బయలుదేరిన అయిదుగురు వైద్యుల బృందం, డాక్టర్ అటల్ నాయకత్వంలో, కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్ వెళ్లే ముందు ఇక్కడ ఆగింది. అందులోని డాక్టర్ కోట్నిస్ 1942 డిసెంబరులో చైనాలోనే మరణించారు. 1939 ఆగస్టు ఆఖరులో నెహ్రూ కలకత్తా నుంచి విమానంలో కున్మింగ్ మీదుగా ఇక్కడికి వచ్చారు. ఆయన ఉన్న రోజుల్లోనూ వైమానిక దాడులు జరిగాయి. ఇంతలో యూరప్‌లో యుద్ధం మొదలుకావడంతో కార్యక్రమం కుదించుకుని తిరిగివెళ్లారు.

నగరం కింద రాతిలో తొలిచిన సొరంగ ఆశ్రయాల్లో జనం తలదాచుకునేవారు. 1941 జూన్ 5న దాడి గంటల తరబడి సాగినప్పుడు, జ్యావోచాంగ్‌కౌ దగ్గర సొరంగంలో గాలి ఆడక పెద్ద సంఖ్యలో ప్రజలు చనిపోయారు. ఆ చోట స్మారకం ఉంది. వెళ్లినవారు ఆ మోనోరైలుతో పాటు దీన్నీ చూడవలసింది అని నా అభిప్రాయం. కృష్ణలంక చూశాడా?

కృష్ణలంక

చూశాను తాతగారూ. జ్యేఫాంగ్‌బేయ్ అంగళ్ల వెలుగుల నుంచి కొద్ది దూరమే. ఇతర సొరంగాల్లో కొన్నింటిని ఇప్పుడు హాట్‌పాట్ దుకాణాలుగా, గోదాములుగా వాడుతున్నారు. రాతి గోడల చల్లదనం కోసం వేసవిలో జనం అక్కడికి చేరతారని గెస్ట్‌హౌస్ యజమానురాలు చెప్పింది.

వరంగల్‌యాత్రి

నా మొదటి అభ్యంతరాన్ని కొంత సవరించుకుంటాను. అయినా ఒక మాట మిగిలే ఉంది. ఈ ప్రయాణమంతా ఫోను మీద ఆధారపడి నడిచింది. టికెట్, డబ్బు, మ్యాపు, భాష నాలుగూ అందులోనే ఉన్నాయి. అది ఆగిపోతే ఏమి చేయాలి? వీధిలో అద్దెకు ఇచ్చే పవర్‌బ్యాంకు తీసుకోవాలన్నా ముందు ఫోనుతో స్కాన్ చేయాలి కదా.

షెన్‌జెన్‌ప్రవాసి

మీరు పట్టుకున్నది సరైన చోటే. అందుకే నేను మా బంధువులకు కొంత నగదు తప్పనిసరిగా ఇస్తాను. నగదును తిరస్కరించడానికి వీలు లేదని చైనా కేంద్ర బ్యాంకు నిబంధన ఉంది, చిల్లర లేదని గొణిగినా తీసుకుంటారు. అయితే 100 నోట్లు కాకుండా 10, 20 నోట్లు ఉంచుకోండి. బస చేసిన చోటు పేరు, చిరునామా చైనా లిపిలో ఉన్న కార్డును కౌంటరు దగ్గర అడిగి పాస్‌పోర్టులో పెట్టుకుంటే, ఫోను చచ్చిపోయినా టాక్సీవాడికి చూపించవచ్చు. మన దగ్గరి పవర్‌బ్యాంకులు రైలులో ఇబ్బంది లేదు కానీ, చైనా లోపలి విమానాల్లో 3సీ గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర) లేనివాటిని 2025 జూన్ 28 నుంచి అనుమతించడం లేదు. మనం భారతదేశంలో కొన్నవాటిపై ఆ గుర్తు చాలావరకు ఉండదు. కాబట్టి తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కాలని అక్కడికక్కడ నిర్ణయించుకునేవారు దాన్ని భద్రతా తనిఖీ దగ్గర వదులుకోవలసి వస్తుంది.

గోదారమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. అక్టోబరు మూడో వారానికి మార్చుకుంటున్నాను. ఇంకొక్క ప్రశ్న. చోంగ్‌చింగ్ నుంచి యాంగ్జీ మీద పడవలో మూడు గోర్జిల (కొండల మధ్య ఇరుకైన లోయల) మీదుగా ఈచాంగ్ వెళ్లవచ్చని విన్నాను. ఒంటరిగా, ముందుగా బుక్ చేసుకోకుండా అది సాధ్యమా?

కృష్ణలంక

నేను కూడా రేవు దగ్గర అడిగాను, అమ్మా. ఆ ఓడలు రెండు మూడు రాత్రుల ప్రయాణం. గది మొత్తానికి ఇద్దరి లెక్కన ధర ఉంటుంది కనుక ఒంటరివారు ఆ ధర భరించాలి, లేదా తెలియని మరో స్త్రీతో గది పంచుకోవడానికి ఒప్పుకోవాలి. ఓడ బయలుదేరే రేవు చావోత్యన్మెన్‌లోనే ఉంటుందని నమ్మకం లేదు, నీటిమట్టాన్ని బట్టి మరో రేవుకు బస్సులో తీసుకువెళ్తారు. టికెట్ కొనేటప్పుడు ఆ సంగతి రాయించుకోండి. ఈచాంగ్‌లో దిగాక వూహాన్ వైపు వేగవంతమైన రైళ్లు ఉన్నాయి. నదిని ఒకసారి పైనుంచి చూస్తే చాలు అనుకుంటే మాత్రం, 1987 నాటి యాంగ్జీ కేబుల్ కారు ఎక్కండి. పొడవు 1,166 మీటర్లు, కొద్ది నిమిషాల ప్రయాణమే. సాయంత్రం క్యూ గంటలకొద్దీ ఉంటుంది కనుక ఉదయం తెరవగానే వెళ్లి, జనం తక్కువగా ఉండే దక్షిణపు ఒడ్డు నుంచి నగరం వైపు ఎక్కండి. అవతలికి మెట్రోలో చేరవచ్చు.